పీపాలో నయాగరా దూకిన పంతులమ్మ

1901వ సంవత్సరం, అక్టోబరు 24వ తేదీ. అమెరికా, కెనడా దేశాల సరిహద్దున పారే నయాగరా నది ఒడ్డున జనం గుమిగూడి ఉన్నారు. అందరి కళ్ళూ నదిలో తేలుతూ వస్తున్న ఒక చెక్క పీపా మీదనే. పీపా సుడుల్లో గిరగిర తిరిగింది. బండల మీద ఎగిరెగిరి పడింది. జలపాతం అంచుదాకా వచ్చి, ఒక్క క్షణంలో మాయమైంది.

ఆ పీపాలో సరుకు ఏమీ లేదు. మనిషి ఉంది! ఆ రోజుతో 63 ఏళ్ళు నిండిన ఒక పంతులమ్మ!

కొంతసేపటికి పీపా జలపాతం దిగువన నురగలో తేలింది. ఒడ్డుకు లాగి మూత తీశారు. ఆమె బతికే ఉంది. తలమీద ఒక గాటు తప్ప పెద్ద గాయమేదీ లేదు. ఆమె పేరు ఆనీ ఎడ్సన్ టేలర్. పీపాలో కూర్చొని నయాగరా జలపాతం మీదినుంచి పడి, ప్రాణాలతో బయటపడ్డ మొట్టమొదటి మనిషి ఆమె.

ఆమె ఎలా బతికింది? అదృష్టమా? ధైర్యమా? లేక ఇందులో మీరు తరగతిలో చదువుకునే భౌతికశాస్త్రం ఏమైనా ఉందా? ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి. ఈ కథలో లెక్కలు కూడా ఉన్నాయి.

ఎవరీ ఆనీ?

ఆనీ 1838 అక్టోబరు 24న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ పట్టణంలో పుట్టింది. తండ్రికి పిండిమిల్లు ఉండేది. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. ఆమె చదువుకొని, ఉపాధ్యాయ శిక్షణ పొందింది. పెళ్ళయింది, ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. కొంతకాలానికి భర్త కూడా పోయాడు.

అప్పటినుంచి ఆమెది ఒంటరి బతుకు. పాఠాలు చెప్పింది, నాట్యం నేర్పింది, సంగీతం నేర్పింది. పని దొరికిన ఊరికల్లా వెళ్ళింది. మిషిగన్ రాష్ట్రంలోని బేసిటీలో నాట్యపాఠశాల నడిపింది. ఎక్కడా నాలుగు డబ్బులు వెనకేసుకోలేకపోయింది. అరవై దాటేసరికి శిష్యులు తగ్గారు, సంపాదన తగ్గింది.

ఆనాటి అమెరికాలో ముసలివారందరికీ ప్రభుత్వం పింఛను ఇచ్చే పద్ధతి లేదు. అందుకు వీలు కల్పించిన సామాజిక భద్రతా చట్టం 1935లో గాని రాలేదు. నా అన్నవాళ్ళు లేని వృద్ధులకు చివరికి మిగిలేది అనాథాశ్రమమే. ఆనీ భయపడింది జలపాతానికి కాదు, ఆ అనాథాశ్రమానికి!

1901లో నయాగరాకు దగ్గరలోని బఫెలో నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది. నయాగరా నీటితో తీసిన కరెంటుతో ఆ ప్రదర్శనశాల దీపాలన్నీ వెలిగించారు. దాన్ని చూడడానికి వచ్చినవాళ్ళు పనిలోపనిగా జలపాతాన్నీ చూసి వెళ్ళేవారు. ఆ జనసమూహం గురించి చదివిన ఆనీకి ఒక ఆలోచన తట్టింది. ఇంతవరకు ఎవరూ చేయని పని చేస్తే పేరు వస్తుంది. పేరు వస్తే ఉపన్యాసాలకు పిలుస్తారు. ఉపన్యాసాలిస్తే డబ్బు వస్తుంది. డబ్బుంటే ముసలితనం సుఖంగా గడుస్తుంది. ఇదీ ఆమె లెక్క. ఈ లెక్క సరైనదేనా? చివర చూద్దాం.

జలపాతం సంగతి

ఈరీ సరస్సు నీటిని ఒంటారియో సరస్సుకు చేర్చేది నయాగరా నది. ఈ రెండు సరస్సుల మట్టాలకు మధ్య సుమారు 100 మీటర్ల తేడా ఉంది. అందులో దాదాపు సగం ఎత్తు నది ఒక్క దూకులో దిగిపోతుంది. ఆ దూకే నయాగరా జలపాతం.

నిజానికి అక్కడ ఉన్నది ఒక జలపాతం కాదు. నది మధ్యలో ఉన్న గోట్ దీవి నీటిని రెండుగా చీలుస్తుంది. అమెరికా వైపున అమెరికన్ జలపాతం, దాని పక్కనే పెళ్ళికూతురి మేలిముసుగు అని పిలిచే సన్నని పాయ ఉన్నాయి. కెనడా వైపున గుర్రపునాడా ఆకారంలో ఉన్నది అన్నింటికంటె పెద్దది. దాన్ని హార్స్‌షూ జలపాతం అంటారు. నదిలో నీళ్ళలో ఎక్కువ భాగం దీనిమీదుగానే పడతాయి.

ఇక్కడి కొండ రెండు రకాల రాళ్ళతో ఏర్పడింది. పైపొర గట్టి డోలమైట్ రాయి. అడుగున ఉన్నది సులభంగా అరిగిపోయే మెత్తని షేల్ రాయి. కింద పడిన నీరు మెత్తని రాతిని తొలిచివేస్తుంది. ఆధారం పోయిన గట్టిరాయి పెళ్ళలుగా విరిగి పడుతుంది. ఆ విధంగా ఈ జలపాతం సుమారు 12,000 సంవత్సరాలలో దాదాపు 11 కిలోమీటర్లు వెనక్కు జరిగింది. ఏడాదికి ఎంత జరిగినట్టు? లెక్క వేయండి. సగటున మీటరుకు కొంచెం తక్కువ!

ఈ రాళ్ళ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఆనీ ప్రాణానికీ దీనికీ సంబంధం ఉంది. అమెరికన్ జలపాతం కింద విరిగిపడ్డ బండలు గుట్టలుగా పేరుకొని ఉన్నాయి. దానిమీదినుంచి పడితే నేరుగా బండల మీదే. హార్స్‌షూ కింద మాత్రం నీటి ఉరవడి చాలా ఎక్కువ. అక్కడ బండలు పేరుకోలేదు. నీళ్ళు పడిపడి లోతైన మడుగు ఏర్పడింది. ఆనీ పీపా పడింది ఈ మడుగులోనే.

మూడు సెకన్ల ప్రయాణం

ఇప్పుడు కాగితం తీయండి. హార్స్‌షూ జలపాతం ఎత్తు సుమారు 50 మీటర్లు అనుకుందాం. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పడుతున్న వస్తువు దూరానికి సూత్రం మీకు తెలుసు: దూరం, గురుత్వ త్వరణంలో సగాన్ని కాలవర్గంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. గురుత్వ త్వరణం 9.8. దానిలో సగం 4.9. యాభైని 4.9 చేత భాగిస్తే 10.2 వస్తుంది. దాని వర్గమూలం 3.2. అంటే పీపా కిందికి చేరడానికి పట్టిన కాలం సుమారు 3.2 సెకన్లు.

మరి వేగం? 9.8ని 3.2తో గుణించండి. సెకనుకు 31 మీటర్లు. గంటకు సుమారు 113 కిలోమీటర్లు! హైవే మీద బాగా వేగంగా పోయే కారు వేగం అది.

ఈ మూడు సెకన్లలో పీపా లోపల ఏం జరుగుతుంది? పీపా, అందులోని మనిషి, పక్కన నీళ్ళు అన్నీ ఒకే త్వరణంతో పడుతుంటాయి. కనుక మనిషి పీపా అడుగుమీద తన బరువు మోపదు. తన బరువే తనకు తెలియదు. దీన్నే స్వేచ్ఛాపతనం అంటారు. భూమిచుట్టూ తిరిగే అంతరిక్ష నౌకలో వ్యోమగాములు తేలిపోవడానికి కారణం కూడా ఇదే. కాబట్టి పడుతున్నంతసేపు ఏ ప్రమాదమూ లేదు.

ప్రమాదమంతా ఆగడంలో ఉంది.

ఆగడం ఎలా?

వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టుకునేటప్పుడు మీరు చేతులు వెనక్కు లాగుతారు. ఎందుకు? చేతులు బిగబట్టి పట్టుకుంటే బంతి రెండు మూడు సెంటీమీటర్లలో ఆగుతుంది, అరచెయ్యి మంటెత్తుతుంది. చేతులు వెనక్కు లాగితే ఆ బంతే అర మీటరు దూరంలో నెమ్మదిగా ఆగుతుంది. వేగం అదే, బంతి అదే. ఆగడానికి దొరికిన దూరం పెరిగింది, కాబట్టి దెబ్బ తగ్గింది.

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరం చేత భాగించండి. ఆగేటప్పుడు కలిగే రుణత్వరణం గురుత్వ త్వరణానికి సగటున ఎన్ని రెట్లో తెలుస్తుంది.

50 మీటర్లు పడిన మనిషి బండమీద 5 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి. 50ని 0.05 చేత భాగిస్తే వెయ్యి. వెయ్యి రెట్లు! ఎవరూ బతకరు. అదే మనిషి 2 మీటర్ల దూరంలో ఆగితే? 50ని 2 చేత భాగిస్తే 25 రెట్లు మాత్రమే. ఇది కూడా భయంకరమే. కాని శరీరాన్ని గట్టిగా కట్టి ఉంచితే, క్షణకాలం పాటు తట్టుకోవచ్చు. 1954లో అమెరికా వైమానిక దళానికి చెందిన జాన్ స్టాప్ అనే డాక్టరు రాకెట్ బండిలో తనను తాను కట్టించుకొని ప్రయోగం చేశాడు. బండి హఠాత్తుగా ఆగినప్పుడు ఆయన గురుత్వ త్వరణానికి 46 రెట్లు తట్టుకొని బతికాడు.

మరి ఆనీకి ఆ రెండు మీటర్లు ఎవరిచ్చారు? నీళ్ళే! అయితే అన్ని నీళ్ళూ ఒకటి కాదు. బావిలో దూకేటప్పుడు పొట్ట నీళ్ళకు తగిలిందంటే చర్మం ఎంత మండుతుందో ఈత వచ్చినవాళ్ళకు తెలుసు. నిలకడగా ఉన్న నీరు వేగంగా పడేవాటికి త్వరగా దారి ఇవ్వదు. జలపాతం అడుగున ఉన్న నీరు అలా కాదు. అది గాలి కలిసిన తెల్లని నురగ. నీటిలో కోట్లకొలది గాలిబుడగలు కలిస్తే దాని సాంద్రత తగ్గుతుంది. అందువల్ల అందులో పడిన వస్తువు ఎక్కువ లోతుకు దిగి, మెల్లగా ఆగుతుంది. మీ చేతులు క్రికెట్ బంతికి చేసిన సాయాన్నే నయాగరా నురగ ఆనీ పీపాకు చేసింది.

కాని ఈ నురగకు ఇంకో గుణం కూడా ఉంది. సాంద్రత తగ్గితే నీటి తేల్చే శక్తి కూడా తగ్గుతుంది. మెత్తగా దింపుకున్న నీరే త్వరగా పైకి పంపదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పీపా తయారీ

ఆనీ తన పీపాకు తానే నమూనా గీసింది. ఓక్ చెక్క పలకలను ఇనుప పట్టీలతో బిగించి, బేసిటీలోని పనివాళ్ళు దాన్ని తయారు చేశారు. ఎత్తు సుమారు నాలుగున్నర అడుగులు, బరువు 70 కిలోలకు పైన. అందులో మూడు ముఖ్యమైన జాగ్రత్తలు ఉన్నాయి.

మొదటిది, పరుపు. పీపా లోపల చుట్టూ పరుపు పెట్టి, మనిషి కదలకుండా తోలుపట్టీలు అమర్చారు. పీపా ఆగినప్పుడు లోపలి మనిషి జడత్వం వల్ల ముందుకే పోతుంది, పోయి గోడకు కొట్టుకుంటుంది. పట్టీలు, పరుపు ఈ రెండో దెబ్బను తగ్గిస్తాయి.

రెండవది, దాగలి. కమ్మరి కొలిమి దగ్గర ఉండే బరువైన ఇనుప దిమ్మె చూశారుగా? అలాంటిదాన్ని పీపా అడుగున ఉంచారు. దానివల్ల పీపా గురుత్వకేంద్రం కిందికి దిగింది. అడుగున బరువు పెట్టి చేసిన బొమ్మను ఎటు తోసినా తిరిగి లేచి నిలబడుతుంది. పీపా కూడా నీటిలో అలాగే నిలువుగా తేలడానికి ప్రయత్నిస్తుంది. మనిషి తలకిందులు కాదు.

మూడవది, గాలి. మూత బిగించాక ఒక కంతలోంచి సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టి, కంతకు బిరడా బిగించారు.

ఆనీ ఎక్కకముందు అదే పీపాలో ఒక పిల్లిని జలపాతం మీదికి వదిలి చూశారు. తలకు దెబ్బ తగిలినా పిల్లి బతికింది. ఈ పరీక్ష సరిపోతుందా? మీరైతే ఏమంటారు? పిల్లి బరువు ఎంత, మనిషి బరువు ఎంత? ఒక్కసారి చేసిన ప్రయోగం రెండోసారి కూడా అదే ఫలితం ఇస్తుందని ఎవరు చెప్పగలరు? అయినా ఆనీ వెనుదీయలేదు. తన పుట్టినరోజున పడవలో నది మధ్యకు వెళ్ళి, తనకు అచ్చివచ్చిన దిండును పట్టుకొని పీపాలోకి దిగింది.

పడిన తరువాత కొన్ని సెకన్లు తనకు స్పృహ తప్పిందని ఆమె చెప్పింది. మళ్ళీ ఇలా చేస్తావా అని పత్రికలవాళ్ళు అడిగితే ఆమె ఇచ్చిన జవాబు వినదగ్గది. ఇంకెవ్వరూ ఇలాంటి పని చేయవద్దనీ, మరోసారి ఆ జలపాతం మీదికి పోవడంకంటె పేలబోయే ఫిరంగి మూతి ఎదుటికి నడిచిపోవడం మేలనీ ఆమె అంది.

తరువాతివాళ్ళ సంగతి

ఆమె మాట అందరూ వినలేదు. 1911లో బాబీ లీచ్ అనే అతను ఉక్కు పీపాలో దూకాడు. బతికాడు గాని రెండు మోకాటి చిప్పలు, దవడ విరిగి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఉక్కు పీపా విరగలేదు, లోపలి ఎముకలు విరిగాయి! ఎంత గట్టి పీపా అన్నది కాదు, లోపలి మనిషి ఎంత మెత్తగా ఆగాడన్నదే ముఖ్యం. చిత్రమేమిటంటే, నయాగరాను గెలిచిన ఇతను 1926లో న్యూజిలాండులో నారింజ తొక్క మీద కాలుజారి పడ్డాడు. కాలి గాయం కుళ్ళి, ఆ కాలు తీసివేసినా ప్రాణం దక్కలేదు.

1920లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ స్టీఫెన్స్ అనే మంగలి ఓక్ చెక్క పీపాలో దిగాడు. పీపాను ముందు ఖాళీగా వదిలి పరీక్షించమని తెలిసినవాళ్ళు చెప్పినా వినలేదు. అతనూ దాగలినే వాడాడు. కాని పీపా అడుగున బిగించలేదు, తన కాళ్ళకు కట్టుకున్నాడు! నీటిని తాకి పీపా ఆగింది. దాగలి మాత్రం జడత్వం వల్ల ఆగలేదు. పీపా అడుగు బద్దలు కొట్టుకొని పోయింది, అతన్నీ తీసుకుపోయింది. ఆనీ దాగలి పీపాకు బరువైంది. స్టీఫెన్స్ దాగలి మనిషికి బరువైంది. వస్తువు అదే, చోటు మారింది, ప్రాణం పోయింది.

1930లో బఫెలోలో వంటపని చేసే జార్జి స్టాథకిస్ దాదాపు టన్ను బరువున్న బలమైన పీపా చేయించాడు. అందులో తన తాబేలును కూడా వెంట తీసుకుపోయాడు. పీపా చెక్కుచెదరలేదు, దెబ్బకు అతను చావలేదు. కాని పీపా జలపాతపు తెర వెనుక చిక్కుకుపోయింది. నురగనీరు త్వరగా పైకి పంపదని చెప్పుకున్నాం కదా! పద్నాలుగు గంటలకు పైగా అది బయటికి రాలేదు. వచ్చేసరికి అతను ఊపిరాడక మరణించి ఉన్నాడు. తాబేలు బతికే ఉంది.

ఎందుకలా? మూసిన పీపాలో 200 లీటర్ల గాలి ఉందనుకుందాం. అందులో ఐదోవంతు, అంటే సుమారు 40 లీటర్లు ప్రాణవాయువు. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి పావు లీటరు వాడుకుంటాడు. 40 లీటర్లు రెండు గంటలకు పైగా వస్తుంది కదా అనిపిస్తుంది. కాని అతను దాదాపు అంతే బొగ్గుపులుసు వాయువును బయటికి విడుస్తాడు. 40 నిమిషాలలో అది 10 లీటర్లు, అంటే నూటికి 5 వంతులు అవుతుంది. అప్పటికే తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. భయపడిన మనిషి ఇంకా వేగంగా ఊపిరి తీస్తాడు కాబట్టి గడువు ఇంకా తగ్గుతుంది. స్టాథకిస్ పీపా పెద్దదే, గాలీ ఎక్కువే. కాని పద్నాలుగు గంటలకు అది చాలదు. తాబేలుకు గాలి అవసరం చాలా తక్కువ, కనుక అది ఓర్చుకోగలిగింది.

ఆనీ ప్రయాణం మొత్తం ఇరవై నిమిషాల లోపే ముగిసింది. పీపా తెర వెనక్కు పోకుండా బయటికి కొట్టుకువచ్చింది. ఇందులో ఆమె తెలివి ఏమీ లేదు. నీటి ప్రవాహం అలా పోయింది, అంతే. ఇంకోలా పోయి ఉంటే పరుపు, దాగలి, సైకిలు పంపు ఏవీ ఆమెను కాపాడగలిగేవి కావు.

రెండో లెక్క తప్పింది

ఇక ఆనీ వేసుకున్న డబ్బు లెక్క ఏమైంది? కొద్దికాలం ఉపన్యాసాలు ఇచ్చింది. అనుకున్నంత డబ్బు రాలేదు. పైగా ఆమె మేనేజరు పీపాను తీసుకొని పారిపోయాడు. దాన్ని వెదికించడానికే ఆమె చాలా డబ్బు ఖర్చు చేసింది. తరువాత చాలా ఏళ్ళు జలపాతం దగ్గర యాత్రికులకు తన ఫొటోలు, కార్డులు అమ్ముకుంటూ గడిపింది. ఏ అనాథాశ్రమానికి భయపడి నయాగరాలో దూకిందో, చివరకు అలాంటి చోటికే చేరింది. 1921 ఏప్రిల్ 29న లాక్‌పోర్ట్‌లోని కౌంటీ ఆశ్రమ వైద్యశాలలో 82వ ఏట కన్నుమూసింది. ఆమె సమాధి నయాగరా ఫాల్స్ పట్టణంలోని ఓక్‌వుడ్ శ్మశానవాటికలో ఉంది.

ఆనీ బతకడానికి కొంత ఆలోచన, కొంత శాస్త్రం, చాలావరకు అదృష్టం కారణాలు. ఈ మూడింటినీ వేరుచేసి చూడగలగడమే శాస్త్రదృష్టి. ఒకరు బతికారు కాబట్టి ఆ పని క్షేమమైనది అనుకోవడం పెద్ద పొరపాటు. బతికినవాళ్ళు వచ్చి తమ కథ చెబుతారు. చనిపోయినవాళ్ళు చెప్పలేరు. చెరువులో, కాలువలో, రైలుపట్టాల మీద "వాడు చేశాడు, నాకేమీ కాదు" అని ఎవరైనా అన్నప్పుడు స్టీఫెన్స్‌ను, స్టాథకిస్‌ను తలచుకోండి. నయాగరాలో ఇటువంటి సాహసాలు ఇప్పుడు చట్టవిరుద్ధం.

ఆనీ కథలో మరో ప్రశ్న కూడా ఉంది. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పిన ఒక మనిషి, ముసలితనంలో అన్నం కోసం జలపాతంలో ఎందుకు దూకవలసి వచ్చింది? దీనికి జవాబు భౌతికశాస్త్రంలో దొరకదు. అయినా మీరు ఆలోచించవలసిన ప్రశ్నే.

మీరే చేసి చూడండి

1. జలపాతం ఎత్తు 50 మీటర్లకు బదులు 25 మీటర్లే ఉంటే నీటిని తాకే వేగం సగం అవుతుందా? లెక్క వేసి చూడండి.

2. మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను బకెట్టు నీటిలో వేయండి. తరువాత డబ్బా అడుగున మైనంతో ఒక గులకరాయిని అతికించి మళ్ళీ వేయండి. ఎలా తేలింది? రాయిని పక్కగోడకు అతికిస్తే ఏమవుతుంది?

3. ఒక కోడిగుడ్డును ఇసుక మీద, మరొకదాన్ని గచ్చుమీద మీ మోకాలి ఎత్తునుంచి వదిలితే ఏది పగులుతుంది? చేసేముందే జవాబును కారణంతో సహా రాసిపెట్టుకోండి. చేశాక సరిచూసుకోండి.